బైబిలులో బానిసలు, యజమానులు: ఏ వచనం ఎవరితో మాట్లాడుతోంది?

బానిసత్వం గురించి బైబిలు ఏం చెబుతుందని అడిగితే రెండు వచనాలు ఎదురెదురుగా వచ్చి నిలబడతాయి. మనిషిని ఎత్తుకుపోయి అమ్మినవాడికి మరణశిక్ష విధించాలంటుంది నిర్గమకాండము 21:16. చుట్టుపక్కల జనాల దగ్గర దాసదాసీలను కొనుక్కోవచ్చు, వారిని పిల్లలకు స్వాస్థ్యంగా (వారసత్వ ఆస్తిగా) ఇవ్వవచ్చు అంటుంది లేవీయకాండము 25:44-46. రెండూ మోషే ధర్మశాస్త్రంలోనివే. ఒకరు మొదటిది చూపించి బైబిలు బానిసత్వాన్ని నిషేధించిందంటారు. మరొకరు రెండోది చూపించి ఆమోదించిందంటారు. వాదన అక్కడే ఆగిపోతుంది.

వాదన పాతదే అయినా 2023లో మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. ఆ ఏడాది జనవరిలో ఇంగ్లండు చర్చి ఆస్తులను చూసే కమిషనర్లు, తమ పాత పెట్టుబడులకు బానిస వ్యాపారంతో ఉన్న సంబంధాన్ని ఒప్పుకుని 10 కోట్ల పౌండ్ల నిధిని ప్రకటించారు. మార్చిలో వాటికన్ ‘ఆవిష్కరణ సిద్ధాంతాన్ని’ తోసిపుచ్చింది. క్రైస్తవేతరుల నేలను, వారి మనుషులను కూడా సొంతం చేసుకునే హక్కు క్రైస్తవ రాజులకు ఉందనే ఆ వాదన 15వ శతాబ్దంలో పోపులు ఇచ్చిన ఉత్తర్వులను ఆసరా చేసుకుని పెరిగింది. బైబిలు చేతపట్టుకునే మనుషులను సంకెళ్ళలో ఉంచారు. బైబిలు చేతపట్టుకునే ఆ సంకెళ్ళకు వ్యతిరేకంగా పోరాడారు. ఒకే గ్రంథం రెండు పక్షాలకూ ఎలా దొరికిందో తెలియాలంటే, ప్రతి వచనాన్నీ ఒక ప్రశ్న అడగాలి: ఈ మాట ఎవరితో అంటున్నారు, ఎవరి చేతిని ఆపుతున్నారు?

‘దాసుడు’ అన్న మాట కింద ఎందరున్నారు

పాత నిబంధనలో దాసుడు అనే మాట చాలా విశాలమైనది. రాజుగారి మంత్రి రాజుకు దాసుడు. మోషే దేవునికి దాసుడు. అప్పు తీర్చలేక పొలంలో పనికి కుదిరినవాడూ దాసుడే, సంతలో వెండి ఇచ్చి కొన్న పరదేశీ దాసుడే. అందుకే “వాళ్ళు బానిసలు కారు, ఇంటి పనివాళ్ళు మాత్రమే” అనే సమాధానం కొందరి విషయంలో నిజం, మరికొందరి విషయంలో అబద్ధం.

కొనుక్కోవడానికి, అమ్మడానికి, వారసులకు ఇవ్వడానికి వీలైన ఆస్తిగా మనిషిని చూస్తే అది పూర్తి బానిసత్వం. అప్పుకు బదులుగా శ్రమను తాకట్టు పెడితే అది రుణదాస్యం. మన ఊళ్ళలో జీతానికి పెట్టిన పిల్లల కథ విన్నవారికి దీన్ని వేరే చెప్పనవసరం లేదు. మన దేశం దీన్ని 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టంతో నిషేధించింది. వీటికి భిన్నంగా, కూలి తీసుకుని సాయంత్రం తన ఇంటికి వెళ్ళే పనివాడు స్వతంత్రుడు. బైబిలు ఈ ముగ్గురికీ వేర్వేరు నియమాలు పెట్టింది. గందరగోళంలో పెద్ద భాగం ఒకరి నియమాన్ని మరొకరికి అంటగట్టడం వల్లే పుట్టింది.

అప్పుల్లో మునిగిన ఇశ్రాయేలీయుడు: ఒక ఉదాహరణ

రెండు పంటలు వరుసగా పోయిన ఒక రైతును ఊహించుకుందాం. ఇశ్రాయేలీయుడు, అప్పు తీర్చే దారి లేదు, తనను తానే అమ్ముకున్నాడు. నిర్గమకాండము 21వ అధ్యాయం ప్రకారం అతడు ఆరేళ్ళు పనిచేస్తాడు. ఏడో ఏట ఒక్క కాసు చెల్లించకుండా స్వతంత్రుడవుతాడు. భార్యతో వచ్చి ఉంటే భార్యతో వెళతాడు.

ఒంటరిగా వచ్చి, ఈ ఆరేళ్ళలో యజమాని ఇచ్చిన దాసిని పెళ్ళి చేసుకుని పిల్లలను కని ఉంటే? ఆమె, పిల్లలు యజమాని సొత్తు. అతడు ఒక్కడే వెళ్ళాలి. “నా యజమానిని, నా భార్యను, నా పిల్లలను ప్రేమిస్తున్నాను, స్వతంత్రుడనై వెళ్ళను” అంటే అతణ్ణి తలుపు దగ్గరకు తీసుకెళ్ళి చెవిని కదురుతో గుచ్చుతారు. ఆపైన అతడు నిరంతరం దాసుడు. చట్టం దీన్ని అతడి ఇష్టంగా లెక్కవేస్తోంది. కానీ పిల్లలనో స్వేచ్ఛనో ఒకదాన్నే ఎంచుకోమన్నప్పుడు ఆ తండ్రికి మిగిలిన ఇష్టం ఎంత? వచనాన్ని ఎంత గౌరవించేవారైనా ఇక్కడ ఒక క్షణం ఆగాల్సిందే. కూతురిని అమ్మిన సందర్భంలో నియమం ఇంకా వేరు. ఆమె ఏడో ఏట మగవాళ్ళలా వెళ్ళిపోదు. ఆమెను యజమానికో అతడి కుమారుడికో భార్యగా ఉద్దేశించారు. తిండి, బట్ట, దాంపత్య ధర్మం తగ్గిస్తే మాత్రం సొమ్ము చెల్లించకుండా బయటపడవచ్చు.

ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయంలో ఇదే చట్టం మళ్ళీ కనిపిస్తుంది, కాస్త మారి. ఆరేళ్ళ గడువు ఇప్పుడు స్త్రీకి కూడా వర్తిస్తుంది. పంపేటప్పుడు వట్టిచేతులతో పంపకూడదు. మందలోంచి, కళ్ళంలోంచి, ద్రాక్షగానుగలోంచి ధారాళంగా ఇవ్వాలి. కారణం కూడా చెబుతుంది: నీవు ఐగుప్తులో (ఈజిప్టులో) దాసుడవై ఉన్నావు, గుర్తు చేసుకో. లేవీయకాండము 25:39-43 ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. బీదవాడై అమ్ముడుపోయిన సహోదరుని చేత దాసుని పని చేయించకూడదు, కూలివానిలా చూడాలి. యాభై ఏళ్ళకు ఒకసారి వచ్చే సునాద సంవత్సరంలో అతడు పిల్లలతో సహా తన పిత్రార్జితానికి తిరిగి వెళతాడు. ఇక్కడ పిల్లలు తండ్రి వెంట వెళుతున్నారు, కానీ ఏడేళ్ళ మాట లేదు.

మూడింటినీ కలిపి చదవడం తేలిక కాదు. ‘నిరంతరం’ అంటే సునాద సంవత్సరం వరకే అని యూదు రబ్బీలు సమన్వయం చేశారు. వేర్వేరు కాలాల చట్టాలు పక్కపక్కన చేరాయని ఆధునిక పండితుల్లో చాలామంది భావిస్తారు. ఏ మాట నమ్మినా ఒకటి స్పష్టం: ఈ చట్టాలన్నీ యజమానితోనే మాట్లాడుతున్నాయి. దాసుడు వాటిలో వినేవాడు కాడు, చర్చకు వచ్చేవాడు.

చట్టం ఉన్నా అమలు ఎలా ఉందో యిర్మీయా 34వ అధ్యాయం చూపిస్తుంది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించినప్పుడు రాజు సిద్కియా హెబ్రీ దాసదాసీలందరినీ విడిపించాడు. సైన్యం కాస్త వెనక్కి తగ్గగానే యజమానులు విడిచిన మనుషులనే మళ్ళీ పట్టుకొచ్చి దాసులను చేసుకున్నారు. దానికి ప్రవక్త చెప్పిన తీర్పు కఠోరమైనది. మీరు మీ సహోదరులకు విడుదల చాటలేదు గనుక నేను మీకు విడుదల చాటిస్తున్నాను, ఖడ్గానికి, తెగులుకు, కరవుకు మిమ్మల్ని విడిచిపెడుతున్నాను అని దేవుని పేర ప్రకటించాడు.

పరదేశి దాసి: మెత్తబరచడానికి వీలుకాని వచనం

పై రైతు పక్కన ఇంకొకరిని నిలబెడదాం. పొరుగు దేశం నుంచి కొన్న ఒక స్త్రీ. ఆమెకు ఏడో ఏడు లేదు, సునాద సంవత్సరం లేదు. లేవీయకాండము 25:44-46 ఆమెను స్వాస్థ్యం అంటుంది, శాశ్వతంగా దాస్యం చేయించుకోవచ్చంటుంది. ఆ వెంటనే “ఇశ్రాయేలీయులైన మీ సహోదరుల మీద మాత్రం కఠినంగా అధికారం చేయకూడదు” అని గీత గీస్తుంది. బైబిలు బానిసత్వం కేవలం అప్పు తీర్చే ఒప్పందమేనని చెప్పేవారు ఈ మూడు వచనాల దగ్గర జవాబు చెప్పుకోవాలి. ఏ నిర్వచనం ప్రకారం చూసినా ఇది మనిషి మీద సొత్తు హక్కే.

సమర్థించేవారు చెప్పే మాటల్లో బలమున్నవి లేకపోలేదు. ఇది ఆజ్ఞ కాదు, అనుమతి మాత్రమే. పరదేశి దాసునికి కూడా వారానికి ఒక విశ్రాంతిదినం ఉంది. సున్నతి పొందిన దాసుడు పస్కా భోజనంలో కూర్చుంటాడు. అదే లేవీయకాండము 19:34 పరదేశిని నీవలె ప్రేమించమంటుంది. ఇవన్నీ నిజాలే. అయితే ఆ స్త్రీ జీవితానికి ముగింపు తేదీని మాత్రం ఇవేవీ ఇవ్వవు. యుద్ధంలో చెరపట్టిన స్త్రీ గురించి ద్వితీయోపదేశకాండము 21:10-14లో ఉన్న నియమం కూడా ఇలాంటిదే. ఆమె తల్లిదండ్రుల కోసం నెల రోజులు ఏడవనివ్వాలి, ఆ తరువాతే పెళ్ళి, వద్దనుకుంటే విడిచిపెట్టాలి తప్ప అమ్మకూడదు. సైనికుడి చేతిని చట్టం కొంతవరకు పట్టుకుంది. ఆమె సమ్మతిని మాత్రం ఎక్కడా అడగలేదు.

కర్ర, కన్ను, పన్ను

యజమాని దాసుణ్ణి కొట్టిన సందర్భాన్ని తీసుకుందాం. నిర్గమకాండము 21వ అధ్యాయం మూడు ఫలితాలను ఊహిస్తుంది. కర్రతో కొట్టగా దాసుడు అక్కడికక్కడే చనిపోతే యజమానికి దండన తప్పదు. ఒకటి రెండు రోజులు బతికి తరువాత చనిపోతే దండన లేదు, ఎందుకంటే దాసుడు ‘అతని సొమ్ము’. కన్నో పన్నో పోతే దాసుడు దానికి బదులుగా స్వతంత్రుడై వెళ్ళిపోతాడు.

ఈ మూడింటిలో రెండు ప్రాచీన ప్రపంచంలో అరుదైన రక్షణలు. మధ్యది మన మనసుకు మింగుడుపడదు. చంపాలన్న ఉద్దేశం లేదనడానికి ఆ రెండు రోజులను సాక్ష్యంగా తీసుకున్నారని, సొమ్ము నష్టమే అతడికి శిక్ష అని వ్యాఖ్యాతలు వివరిస్తారు. వివరణ సరైనదే కావచ్చు, కానీ దాసుడి ప్రాణానికి స్వతంత్రుడి ప్రాణంతో సమానమైన లెక్క ఇక్కడ లేదన్నది మిగిలే ఉంటుంది. పొడిచే అలవాటున్న ఎద్దు స్వతంత్రుణ్ణి చంపితే దాని యజమాని ప్రాణానికే ముప్పు. దాసుణ్ణి చంపితే ముప్పై తులాల వెండి దాసుని యజమానికి చెల్లిస్తే సరిపోతుంది.

పొరుగు చట్టాలతో పోల్చినప్పుడు చిత్రం ఒకేలా ఉండదు. క్రీస్తుకు సుమారు 1750 ఏళ్ళ ముందటి బబులోను రాజు హమ్మురాబి శాసనంలో ఇతరుల బానిస కన్ను పోగొడితే అతడి ధరలో సగం యజమానికి కట్టాలి, బానిసకు దక్కేది ఏమీ లేదు. పారిపోయిన బానిసను ఇంట్లో దాచినవాడికి అక్కడ మరణశిక్ష. ద్వితీయోపదేశకాండము 23:15-16 సరిగ్గా తిరగేసి చెబుతుంది: తప్పించుకుని నీ దగ్గరకు వచ్చిన దాసుణ్ణి యజమానికి అప్పగించవద్దు, తనకు ఇష్టమైన ఊళ్ళో ఉండనివ్వు, బాధపెట్టవద్దు. ఇక్కడ బైబిలు నిస్సందేహంగా ముందుంది. అదే హమ్మురాబి శాసనం అప్పుకు అమ్ముడైన భార్యాబిడ్డలను మూడేళ్ళు పనిచేశాక నాలుగో ఏట విడిచిపెట్టమంది. బైబిలు ఆరేళ్ళు పెట్టింది. పోల్చేవారు తమకు నచ్చిన వచనం దగ్గరే పోలిక ఆపేస్తుంటారు.

చట్టం దాటి ఆలోచించిన గొంతు యోబు గ్రంథంలో ఉంది. నా పనివాడు, పనికత్తె నాతో వ్యాజ్యమాడినప్పుడు వారి న్యాయాన్ని నేను తోసివేసి ఉంటే దేవుని ముందు ఏం జవాబు చెప్పగలను, గర్భంలో నన్ను చేసినవాడే వారినీ చేయలేదా అంటాడు యోబు (31:13-15). యజమానే అన్న మాట ఇది.

రోమా ప్రపంచంలో పౌలు, పేతురు

కొత్త నిబంధన పుట్టిన లోకంలో బానిసలు ప్రతి వీధిలో ఉన్నారు. చర్మపు రంగుతో దానికి సంబంధం లేదు. యుద్ధ ఖైదీలు, బానిస తల్లికి పుట్టినవారు, పారేసిన పసిబిడ్డలు అందులోకి వచ్చేవారు. రోమా న్యాయస్థానంలో బానిస సాక్ష్యం చెల్లాలంటే హింసించి చెప్పించాలి.

యేసు బానిసత్వాన్ని రద్దు చేయమని గాని కొనసాగించమని గాని చెప్పినట్టు సువార్తల్లో లేదు. ఆయన ఉపమానాల్లో దాసులు దెబ్బలు తింటారు (లూకా 12:47-48). మీలో ముఖ్యుడు కాగోరేవాడు అందరికీ దాసుడు కావాలని ఆయనే అన్నాడు (మార్కు 10:44), దాసుడు చేసే పనికి వంగి శిష్యుల పాదాలు కడిగాడు.

అపొస్తలులైన పౌలు, పేతురు పేర్లతో ఉన్న పత్రికల్లో, అంటే ఉత్తరాల్లో, విషయం నేరుగా వస్తుంది. దాసులారా, యజమానులకు విధేయులై ఉండండి అని ఎఫెసీయులకు, కొలొస్సయులకు రాసిన పత్రికలు చెబుతాయి. 1 తిమోతి 6, తీతు 2 అదే చెబుతాయి. 1 పేతురు 2:18 మరీ ముందుకు వెళ్ళి, మంచివారికే కాక వక్రబుద్ధి గల యజమానులకు కూడా లోబడమంటుంది. యజమానులతో ఎఫెసీయులు 6:9 బెదిరించడం మానండి అంటుంది. పరలోకంలో మీకూ ఒక యజమాని ఉన్నాడని గుర్తు పెట్టుకుని దాసులకు న్యాయం చేయండి అంటుంది కొలొస్సయులు 4:1. విడిపించండి అని మాత్రం రెండూ అనవు.

ఇక్కడ మన ప్రశ్న పనికొస్తుంది. గృహనిర్వహణ గురించి రాసిన గ్రీకు తత్త్వవేత్తలు యజమానితోనే మాట్లాడారు. ఈ పత్రికలు దాసుణ్ణి పేరుపెట్టి పిలవకపోయినా అతడితోనే మాట్లాడాయి, అదీ యజమాని కంటే ముందు. సంఘంలో చదివి వినిపించేటప్పుడు ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని విన్నారు. దాసుడు తానుగా నిర్ణయం తీసుకోగల మనిషి అని ఒప్పుకున్నందువల్లే అతడికి బోధ. ఆ బోధ విధేయతే అన్నది అంతే నిజం. 1 పేతురులో యజమానులకు ఒక్క మాట కూడా లేదు.

మరోవైపు గలతీయులు 3:28 ఉంది: క్రీస్తులో దాసుడని, స్వతంత్రుడని లేదు. 1 తిమోతి 1:10 మనుషులను దొంగిలించేవారిని హంతకుల వరుసలో చేర్చింది. ప్రకటన 18:12-13 మహానగరపు వర్తకుల సరుకుల జాబితా చెబుతూ బంగారంతో మొదలుపెట్టి చివర మనుషుల ప్రాణాలకు వస్తుంది. 1 కొరింథీయులు 7:21లో పౌలు వాక్యం మూలభాషలో అసంపూర్ణంగా ఉంది. స్వతంత్రుడయ్యే అవకాశం వస్తే ‘దాన్నే ఉపయోగించుకో’ అంటాడు. దేన్ని? అవకాశాన్నా, దాస్యాన్నా? రెండు రకాలుగా అర్థం చెప్పిన వ్యాఖ్యాతలున్నారు. మన వాడుకలోని తెలుగు బైబిలు స్వేచ్ఛ వైపే నిలబడింది.

చిన్న సంఘం సామ్రాజ్యాన్ని ఎదిరించి బతకగలదా అన్నది పౌలును సమర్థించేవారి ప్రశ్న. తిరగబడిన బానిసలను రోమా సిలువ వేసేది, కాబట్టి ఆ ప్రశ్న తేలికైనది కాదు. కానీ బానిసలు లేని జీవితం ఆ కాలంలో ఊహకే అందదనడం కూడా సరికాదు. ఎస్సీనులు, థెరప్యూటులు అనే యూదు సమాజాల్లో బానిసలే లేరని, మనిషి మనిషిని సొంతం చేసుకోవడం ప్రకృతికి విరుద్ధమని వారు నమ్మారని పౌలు సమకాలికుడైన యూదు తత్త్వవేత్త ఫిలో రాశాడు.

ఒనేసిము తిరిగి వెళ్ళిన ఉత్తరం

ఫిలేమోనుకు రాసిన పత్రిక 25 వచనాల ఉత్తరం. పౌలు జైల్లో ఉన్నాడు. ఒనేసిము అనే దాసుడు అతడి దగ్గర విశ్వాసి అయ్యాడు. పౌలు అతణ్ణి ఫిలేమోను దగ్గరకు తిప్పి పంపుతూ చేతికి ఈ ఉత్తరం ఇచ్చాడు. నీకు ఆజ్ఞాపించగలను, కానీ ప్రేమను బట్టి వేడుకుంటున్నాను అంటాడు. ఇకమీదట దాసుడిగా కాదు, దాసుని కంటే ఎక్కువగా, ప్రియ సహోదరుడిగా చేర్చుకో అంటాడు (16వ వచనం). నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వెయ్యి, పౌలు అనే నేను నా చేత్తో రాస్తున్నాను, నేనే తీరుస్తాను అంటాడు. నేను చెప్పినదానికంటే ఎక్కువే చేస్తావని తెలుసు అని ముగింపుకు వస్తాడు.

విడుదల చెయ్యి అన్న మాట ఎక్కడా లేదు. అది తప్ప మరేం కోరుతున్నాడో చెప్పడమూ కష్టమే. ఒనేసిము పారిపోయాడన్నది సంప్రదాయ కథనం. ఉత్తరంలో ఆ మాట లేదు. యజమానికి కోపం వచ్చిన సంగతి చక్కదిద్దమని పౌలును వెతుక్కుంటూ వెళ్ళాడని కొందరు పండితులంటారు. అమెరికాలో 1850లో పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టం వచ్చినప్పుడు ఒక పక్షం ఈ ఉత్తరం చూపించి పౌలే తిప్పి పంపాడంది. రెండో పక్షం ద్వితీయోపదేశకాండము 23:15 చూపించి దేవుడే అప్పగించవద్దన్నాడంది.

ఆ ఉత్తరానికి వినేవాళ్ళ నుంచి వచ్చిన ఒక జవాబు చరిత్రలో నమోదైంది. 1833లో జార్జియా రాష్ట్రంలో చార్లెస్ కోల్‌కాక్ జోన్స్ అనే బోధకుడు బానిసల సభలో ఫిలేమోను పత్రిక మీద ప్రసంగించాడు. ఆయన స్వయంగా బానిసల యజమాని. పౌలు పేరు చెప్పి పారిపోవడం పాపమని అనగానే సభలో సగం మంది లేచి వెళ్ళిపోయారని ఆయనే రాసుకున్నాడు. మిగిలినవారిలో కొందరు బైబిలులో అలాంటి పత్రికే లేదన్నారు. కొందరు ఇది సువార్త కాదన్నారు. యజమానులను మెప్పించడానికి చెబుతున్నావని ఇంకొందరు ముఖాన్నే అన్నారు. చదువు నేర్చుకోనివ్వని మనుషులు బోధకుడికి వ్యాఖ్యానం చెప్పిన సందర్భం ఇది.

కత్తిరించిన బైబిలు

మొదటి శతాబ్దాల సంఘంలోనే రెండు దారులున్నాయి. 4వ శతాబ్దంలో గంగ్రా పట్టణంలో జరిగిన బిషప్పుల సభ, భక్తి పేరుతో దాసునికి యజమానిని ధిక్కరించమని నేర్పేవారిని శపించింది. అదే శతాబ్దంలో నిస్సా బిషప్ గ్రెగొరీ ప్రసంగి గ్రంథంలోని “దాసదాసీలను సంపాదించుకున్నాను” అన్న మాట మీద ప్రసంగిస్తూ, దేవుని పోలికలో ఉన్నవాడికి ఎంత ధర కట్టావని యజమానిని నిలదీశాడు. ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీను మధ్యస్థంగా నిలిచాడు. దేవుడు మనిషికి జంతువుల మీద అధికారమిచ్చాడు గాని మనిషి మీద కాదు, బానిసత్వం పాపఫలం అన్నాడు. అయినా బానిస విధేయుడై ఉండాలన్నాడు. ఆ తరువాతి వెయ్యేళ్ళు ఆయన దారిలోనే నడిచాయి.

అట్లాంటిక్ బానిస వ్యాపారం వచ్చాక వచనాల మీద భారం పెరిగింది. ఆదికాండము 9:25లో నోవహు శపించింది కనానును. అతడి తండ్రి హామును కాదు, చర్మపు రంగు ఊసే లేదు. అయినా ఆఫ్రికా వారంతా ‘హాము శాపం’ కింద ఉన్నారని శతాబ్దాల పాటు బోధించారు. ఇంగ్లండు చర్చికి చెందిన సువార్త ప్రచార సంఘం బార్బడోస్‌లో చెరకు తోటలు నడిపింది. అక్కడి బానిసల రొమ్ము మీద ‘సొసైటీ’ అని కాల్చి ముద్ర వేశారు. ఆ చర్చి 2006లో క్షమాపణ చెప్పింది. అమెరికాలో బానిసల యజమానులను మిషనరీలుగా పంపవచ్చా అన్న తగవు మీద దక్షిణ బాప్టిస్టులు 1845లో విడిపోయి వేరే సంస్థ పెట్టుకున్నారు. వారు 1995లో క్షమాపణ చెప్పారు.

1807లో లండన్‌లో అచ్చయిన ఒక బైబిలు అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. వెస్టిండీస్ బానిసల కోసం తయారుచేసిన ఆ ప్రతిలో 1189 అధ్యాయాలకు 232 మాత్రమే ఉంచారు. యోసేపును అన్నలు అమ్మిన కథ ఉంది. మోషే జనాన్ని ఐగుప్తు నుంచి విడిపించిన కథ లేదు. దాసులారా విధేయులై ఉండండి అన్నది ఉంది. దాసుడని, స్వతంత్రుడని లేదు అన్నది లేదు. ప్రకటన గ్రంథం మొత్తం లేదు. బైబిలు నిజంగా బానిసత్వం పక్షానే ఉండి ఉంటే అంత కత్తిరించవలసిన అవసరం ఏమొచ్చింది? ఈ ప్రశ్న చాలా బలమైనది. అయితే కత్తిరించకుండానే వారి పనికొచ్చిన భాగాలు మిగిలాయన్నది కూడా దాని పక్కనే పెట్టుకోవాలి.

బానిసత్వ నిర్మూలనవాదులు వేరే చోట మొదలుపెట్టారు. 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన కొందరు రాసిన నిరసన పత్రం, ఇతరులు మీకేం చేయాలనుకుంటారో అదే వారికి చేయండన్న యేసు మాట మీద నిలబడింది. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో క్రీస్తు క్రైస్తవానికి, ఈ దేశపు క్రైస్తవానికి మధ్య పూడ్చలేని అగాధం ఉందని రాశాడు. బానిసగా పుట్టిన ఒక అమ్మమ్మ నిర్ణయం నాకు వీటన్నిటికంటే బరువుగా తోస్తుంది. నల్లజాతి వేదాంతి హోవర్డ్ థర్మన్ చిన్నప్పుడు ఆమెకు బైబిలు చదివి వినిపించేవాడు. కీర్తనలు, యెషయా, సువార్తలు చదవమనేది. పౌలు పత్రికలు మాత్రం చదవనిచ్చేది కాదు, ప్రేమ గురించిన 1 కొరింథీయులు 13 అప్పుడప్పుడు తప్ప. తోట యజమాని తెప్పించిన బోధకుడు ఏడాదికి మూడు నాలుగుసార్లు విధేయత వచనాలే చెప్పేవాడని, విడుదల వచ్చి చదువు నేర్చుకుంటే ఆ భాగం చదవనని అప్పుడే ఒట్టుపెట్టుకున్నానని ఆమె మనవడికి చెప్పింది.

ఈ రోజు ఎలా చదువుతున్నారు

ఈ రోజు బానిసత్వాన్ని సమర్థించే పెద్ద క్రైస్తవ సంఘం ఏదీ లేదు. కానీ ఆ స్థానానికి ఎలా చేరాలన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. సంప్రదాయవాదుల్లో చాలామంది, బైబిలు నియంత్రించిన దాస్యం వేరు, మనుషులను ఎత్తుకొచ్చి నడిపిన అట్లాంటిక్ వ్యాపారం వేరు అంటారు. నిర్గమకాండము 21:16 ఒక్కటే ఆ వ్యాపారాన్ని ఖండించడానికి చాలన్నది వారి వాదన. వ్యాపారం విషయంలో అది గట్టి వాదనే. లేవీయకాండము 25కు అది జవాబు కాదు.

మరికొందరు, దేవుడు కఠిన హృదయాలను బట్టి కొన్నిటిని కొంతకాలం సహించాడంటారు. విడాకుల గురించి యేసు అలాగే అన్నాడని మత్తయి 19:8ని గుర్తుచేస్తారు. నిర్గమకాండము నుంచి ఫిలేమోను వరకు అడుగులు ఒకే దిశలో పడ్డాయి, ఆ దిశే అసలు బోధ అని వీరి వాదన. దీనికి ఎదురయ్యే ప్రశ్న చిన్నది కాదు: ముందే తెలిసిన గమ్యం వైపు వచనాలను మనమే వరుసలో పేర్చుకోవడం లేదా? దాసులను విధేయులుకమ్మన్న పేరాల పక్కనే భార్యలను భర్తలకు లోబడమన్న పేరాలున్నాయి. ఒకటి ఆ కాలానికి చెందినదైతే రెండోది సంగతేమిటని సంఘాల్లో ఈనాటికీ తగువు నడుస్తోంది.

విశ్వాసం లేని విమర్శకులు ఇంకొకటంటారు. తినకూడని జంతువుల పట్టిక అంత వివరంగా ఇచ్చిన గ్రంథం మనిషిని కొనవద్దు అన్న ఒక్క వాక్యం ఇవ్వలేకపోయిందా అని. విశ్వాసులు దీనికి, వాక్యం లేకపోయినా ఆదికాండము మొదటి అధ్యాయంలో మనిషి దేవుని స్వరూపంలో ఉన్నాడన్న మాటలోనే అంతా ఉందంటారు. గ్రెగొరీ వాదించింది అక్కడి నుంచే. ఆ మాటను సంఘాలన్నీ అలా చదవడానికి పద్దెనిమిది వందల ఏళ్ళు ఎందుకు పట్టిందన్నది విమర్శకుల తరువాతి ప్రశ్న. ఆ ఆలస్యానికి గ్రంథం ఎంత బాధ్యురాలు, చదివినవారు ఎంత బాధ్యులు అన్నదే మిగిలిన తగాదా అంతా.

పనివారి కూలి, పనివారి సెలవు

ఇంత తగాదా లేని భాగం ఒకటుంది. అది స్వతంత్రుడైన కూలివాడి గురించి. కూలి మొత్తం తెల్లవారేవరకు నీ దగ్గర ఉండకూడదంటుంది లేవీయకాండము 19:13. ద్వితీయోపదేశకాండము 24:14-15 అతడు నీ జాతివాడైనా పరదేశి అయినా ప్రొద్దుగూకకముందే ఇచ్చెయ్యమంటుంది. అతడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు అని కారణం చెబుతుంది. యాకోబు 5:4లో, కోత కోసినవారికి ఎగ్గొట్టిన కూలే మొరపెడుతోంది. ఈ వచనాలు మాట్లాడేది నేరుగా యజమానితో, ఆపేది అతడి చేతినే. వీటికి మెత్తని వ్యాఖ్యానం అవసరం రాలేదు.

విశ్రాంతిదినపు ఆజ్ఞ కూడా అంతే. నీవు, నీ కుమారుడు, నీ కుమార్తె అని మొదలై నీ దాసుడు, నీ దాసి, నీ ఎద్దు, నీ ఇంటనున్న పరదేశి వరకు వస్తుంది. నీవలె నీ దాసుడూ దాసీ విశ్రమించాలి అని ద్వితీయోపదేశకాండము 5:14 విడమరచి చెబుతుంది. తెలుగు నేల మీద ఈ ఆజ్ఞకు ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలంలో, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడ సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాదిగలు. చచ్చిన పశువుల మాంసం తినబోమని, ఊరి జాతరల్లో డప్పు కొట్టబోమని, ఆదివారం పనికి రాబోమని వారు తేల్చి చెప్పడంతో కరణాలు, ఊరి పెద్దల నుంచి వేధింపులు ఎదుర్కొన్నారు. యజమానితో చెప్పిన ఆజ్ఞను పనివాళ్ళే ముందుకొచ్చి తమ హక్కుగా చదువుకున్నారు.

ఇళ్ళలో పనిచేసేవారికి వారానికి వరుసగా కనీసం 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తన 189వ ఒప్పందంలో రాసింది. భారతదేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు.